అప్పు లేకుండా క్లినికల్, కౌన్సెలింగ్ సైకాలజీలో డాక్టరేట్: బెంగళూరు నుంచి దరఖాస్తు చేసేవారికి సమగ్ర మార్గదర్శి

బెంగళూరులో సైకాలజీ చదువుతున్న తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. క్రైస్ట్‌లో, మౌంట్ కార్మెల్‌లో, మోంట్‌ఫోర్ట్‌లో, జ్ఞానభారతి క్యాంపస్‌లో. బీటీఎం లేఅవుట్‌లోనో మారతహళ్ళిలోనో పీజీ హాస్టల్లో ఉంటూ ఎమ్మెస్సీ పూర్తిచేస్తారు. తర్వాత డాక్టరేట్ అనగానే ఇంట్లో నుంచి వచ్చే మొదటి ప్రశ్న "ఎంత లోన్ తీయాలి?" మన ఇళ్ళలో అమెరికా చదువంటే ఎంఎస్, ఎంఎస్ అంటే లోన్. అందుకే ఆ ప్రశ్న వస్తుంది. కానీ క్లినికల్, కౌన్సెలింగ్ సైకాలజీ పీహెచ్‌డీల లెక్క వేరు. మంచి ప్రోగ్రామ్‌లు ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ ఇచ్చి చదివిస్తాయి. బదులుగా మీరు క్లాసుల్లో టీచింగ్ అసిస్టెంట్‌గానో, ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గానో పనిచేస్తారు.

ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం అమెరికా గురించే, ఎందుకంటే నిధులతో కూడిన సీట్లు ఎక్కువగా ఉన్నది అక్కడే. మన దేశంలో ఉన్న దారి గురించి కూడా చివర్లో రాశాను. దాన్ని తక్కువగా చూడొద్దు.

మొత్తం వ్యవహారం ఒక్క విషయం మీద నడుస్తుంది. సీటు యూనివర్సిటీ పేరు మీదే వచ్చినా, మిమ్మల్ని ఎంచుకునేది ఒక ప్రొఫెసర్. గురువు దగ్గర సంగీతానికి చేరినట్టే ఐదారేళ్ళు ఆ మనిషి దగ్గర పని నేర్చుకుంటారు. ఆయన లేదా ఆవిడ పరిశోధనకూ మీ ప్రశ్నకూ పొత్తు కుదరాలి. మార్కులు, కాలేజీ పేరు, ఇంగ్లీషు ధాటి, అన్నీ దాని తర్వాతే. కింద చెప్పే ప్రతి అడుగులోనూ ఇది గుర్తుపెట్టుకోండి.

ముందు ఏ డిగ్రీ కావాలో తేల్చుకోండి

పేర్లు దగ్గరగా ఉండడం వల్ల ఇక్కడే చాలామంది తికమకపడతారు.

క్లినికల్ సైకాలజీ పీహెచ్‌డీలో పరిశోధన, చికిత్స రెండూ నేర్పిస్తారు. 1949లో అమెరికాలోని బౌల్డర్‌లో జరిగిన సమావేశం నుంచి వచ్చిన పద్ధతి ఇది. కౌన్సెలింగ్ సైకాలజీ పీహెచ్‌డీ కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. తేడా ఎక్కువగా దృష్టిలో ఉంటుంది. క్లినికల్ వైపు తీవ్రమైన మానసిక వ్యాధులు, ఆసుపత్రులు ఎక్కువ. కౌన్సెలింగ్ వైపు ఉద్యోగ జీవితం, వలస, సంస్కృతి, కాలేజీ విద్యార్థుల సమస్యలు ఎక్కువ. కౌన్సెలింగ్ ప్రోగ్రామ్‌లు చాలాచోట్ల ఎడ్యుకేషన్ కాలేజీల్లో ఉంటాయి, కాబట్టి సైకాలజీ డిపార్ట్‌మెంట్ పేజీ ఒక్కటే చూసి "ఇక్కడ లేదు" అనుకోకండి. రెండింటికీ గుర్తింపు ఇచ్చేది అమెరికన్ సైకలాజికల్ అసోసియేషనే, అంటే ఏపీఏ. ఇంటర్న్‌షిప్ వ్యవస్థ ఒకటే, సైకాలజిస్ట్ లైసెన్సు ఒకటే.

సైడీ (PsyD), అంటే డాక్టర్ ఆఫ్ సైకాలజీ, వేరు. 1973లో అమెరికాలోని వేల్ పట్టణంలో జరిగిన సమావేశం తర్వాత ఊపందుకున్న ఈ డిగ్రీలో చికిత్స శిక్షణకే పెద్దపీట. లైసెన్సు వస్తుంది, కానీ చాలావరకు ఫీజు మీరే కట్టాలి. నాలుగైదేళ్ళ ఫీజు, ఖర్చులు కలిపితే కోటి రూపాయలు దాటిపోయే చోట్లు ఉన్నాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇల్లో పొలమో తాకట్టు పెట్టి నిధులు లేని సైడీకి వెళ్ళొద్దు. కన్సల్టెన్సీ వాళ్ళు "అడ్మిషన్ గ్యారంటీ" అని చూపించేవి ఎక్కువగా ఇలాంటివే.

ఇంకో రెండు ఉన్నాయి. కౌన్సెలర్ ఎడ్యుకేషన్ పీహెచ్‌డీ పేరు వింటే కౌన్సెలింగ్ సైకాలజీలాగే అనిపిస్తుంది. దాని గుర్తింపు సంస్థ వేరు, ఆ దారిలో సైకాలజిస్ట్ లైసెన్సు రాదు. సోషల్, కాగ్నిటివ్ వంటి విభాగాల పీహెచ్‌డీల్లో నిధులు బాగానే ఉంటాయి, కానీ వాటితో రోగులను చూసే లైసెన్సు రాదు. మీకు కావలసింది పరిశోధన మాత్రమే అయితే అవి మంచి దారులే.

దరఖాస్తుకు ఏడాదిన్నర ముందు: పరిశోధన అనుభవం

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఎమ్మెస్సీలో 85 శాతం మార్కులుండి, డిసర్టేషన్ తప్ప పరిశోధన చేయని విద్యార్థి కంటే, 68 శాతంతో ఒక ల్యాబ్‌లో రెండేళ్ళు డేటా సేకరించి, శుభ్రం చేసి, విశ్లేషించిన విద్యార్థినే ప్రొఫెసర్లు ముందు చూస్తారు. మన కాలేజీల్లో హాస్పిటల్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు పోగుచేసే అలవాటు ఉంది. పదిహేను రోజుల అబ్జర్వర్‌షిప్‌లు ఐదు చేసినా, ఒక్క ప్రాజెక్టులో ఏడాది నిలకడగా చేసిన పనికి సరితూగవు.

బెంగళూరులో ఉండడం ఈ విషయంలో నిజంగా అదృష్టం. హోసూరు రోడ్డు మీద నిమ్‌హాన్స్ ఉంది. 1954లో మొదలైన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ, పాత మానసిక ఆసుపత్రి 1974లో కలిసి ఏర్పడిన సంస్థ అది. అక్కడ నిధులొచ్చిన ప్రాజెక్టులకు తాత్కాలిక ప్రాతిపదికన రీసెర్చ్ స్టాఫ్‌ను తీసుకుంటారు, ప్రకటనలు సంస్థ వెబ్‌సైట్‌లో వస్తాయి. వారానికోసారి ఆ పేజీ చూసే అలవాటు చేసుకోండి. సెయింట్ జాన్స్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కూడా కోరమంగళ పక్కనే ఉంది. జీతం సాఫ్ట్‌వేర్ కంపెనీ జీతంలా ఉండదు. ఇంట్లో వాళ్ళు "ఇంత చదివి ఇంతేనా" అంటారు. ఈ రెండేళ్ళు రేపు వచ్చే ఐదారేళ్ళ ఫీజు మాఫీకి పునాది అని వాళ్ళకు ఓపికగా చెప్పండి.

చేరిన చోట మూడు పనులు అడిగి మరీ నేర్చుకోండి. ఒకటి, రోగులతో నిర్ణీత పద్ధతిలో ఇంటర్వ్యూ చేయడం. రెండు, ఆర్ లేదా ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో రిగ్రెషన్ విశ్లేషణ దాకా సొంతంగా చేయగలగడం. మూడు, ఎథిక్స్ కమిటీకి పత్రాలు తయారుచేయడం. ఏదైనా సదస్సులో పోస్టర్ ఒకటి సమర్పించగలిగితే చాలా మంచిది. పేపర్ ప్రచురణ ఉంటే ఇంకా బాగు, లేకపోతే అవకాశం పోయినట్టేమీ కాదు. డబ్బు కడితే వారంలో అచ్చువేసే జర్నళ్ళ జోలికి మాత్రం వెళ్ళొద్దు. అవి మీ సీవీకి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయి.

మీ తెలుగును కూడా అర్హతగా చూడండి. అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి నిమ్‌హాన్స్ ఓపీకి వచ్చే కుటుంబాలు ఎన్నో. వాళ్ళతో తెలుగులో, పక్క మంచం వాళ్ళతో కన్నడలో మాట్లాడి డేటా సేకరించగల రీసెర్చ్ అసిస్టెంట్ ఏ ప్రాజెక్టుకైనా విలువైన మనిషి. సీవీలో ఈ భాషల్లో క్లినికల్ ఇంటర్వ్యూలు చేసిన అనుభవాన్ని స్పష్టంగా రాయండి.

మీ ప్రశ్న ఏమిటి?

"మనుషుల మనసు అర్థం చేసుకోవాలన్నది నా చిన్నప్పటి కోరిక" అన్న వాక్యంతో వచ్చే దరఖాస్తులు వందల్లో ఉంటాయి. ప్రొఫెసర్‌కు కావలసింది ఒక ప్రశ్న. ఉదాహరణకు ఇలా ఆలోచించండి. నిమ్‌హాన్స్ నడిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం చాలా రకాల మానసిక సమస్యల్లో 70 శాతానికి పైగా బాధితులకు చికిత్స అందడం లేదు. ఇది అందరికీ తెలిసిన విషయం. ఇక్కడి నుంచి మీరు కిందికి దిగాలి. ఎవరికి అందడం లేదు? ఎందుకు? వైట్‌ఫీల్డ్ నిర్మాణ పనుల్లో ఉన్న వలస కూలీ, రాత్రి షిఫ్టు చేసే కాల్‌సెంటర్ ఉద్యోగి, పీజీలో ఉంటూ కోచింగ్ తీసుకునే విద్యార్థి, ముగ్గురూ సహాయం అడగకపోవడానికి కారణాలు వేరు. రాత్రి షిఫ్టు మనిషి విషయంలో నిద్ర చెడడం వల్ల కుంగుబాటు వస్తోందా, కుంగుబాటు వల్ల నిద్ర చెడుతోందా? ఇది ఎలా తేల్చాలి? రోజూ ఫోన్‌లో నాలుగు చిన్న ప్రశ్నలు అడిగితే తెలుస్తుందా? ఇంతదాకా వస్తే అది పరిశోధన ప్రశ్న అవుతుంది. అలాంటి పద్ధతులు వాడే ల్యాబులు అమెరికాలో ఎక్కడున్నాయో అప్పుడు వెతకడం సులువు.

జాబితా తయారీ: ఏప్రిల్ నుంచి జులై

ర్యాంకింగులు పక్కన పెట్టండి. మీ అంశం మీద గత ఐదేళ్ళలో వచ్చిన పేపర్లు గూగుల్ స్కాలర్‌లో చదవండి. ఎవరి పేర్లు మళ్ళీమళ్ళీ వస్తున్నాయో రాసుకోండి. వాళ్ళు ఏపీఏ గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్‌లో ఉన్నారా, రాబోయే ఏడాదికి విద్యార్థిని తీసుకుంటున్నారా అన్నది చూడండి. చాలా డిపార్ట్‌మెంట్లు ఈ రెండో విషయాన్ని వేసవిలో గానీ సెప్టెంబరులో గానీ వెబ్‌సైట్‌లో పెడతాయి. తీసుకోని ప్రొఫెసర్‌కు దరఖాస్తు చేయడమంటే ఫీజు వృథా.

ఏపీఏ గుర్తింపు ఉన్న ప్రతి ప్రోగ్రామ్ ఒక పట్టిక బహిరంగంగా పెట్టాలి. ఎంతమంది చేరారు, ఎన్నేళ్ళలో పూర్తిచేశారు, ఖర్చెంత, మధ్యలో ఎంతమంది మానేశారు, ఇంటర్న్‌షిప్ ఎంతమందికి వచ్చింది, లైసెన్సు ఎంతమంది పొందారు, అన్నీ అందులో ఉంటాయి. కాలేజీ బ్రోషర్ కంటే ఈ పట్టికను నమ్మండి. ఒక ప్రోగ్రామ్‌లో ఏటా ఎనభై మంది చేరుతుంటే అక్కడ అందరికీ స్టైపెండ్ ఉండే అవకాశం తక్కువ. నిధులిచ్చే పీహెచ్‌డీల్లో ఏటా చేరేది సాధారణంగా ఐదు నుంచి పది మంది. దరఖాస్తులు వందల్లో వస్తాయి. కాబట్టి పది నుంచి పన్నెండు చోట్లకు పెట్టడం సమంజసం. ఒక్కో దరఖాస్తుకు సుమారు 60 నుంచి 100 డాలర్లు అవుతుంది. ఫీజు మినహాయింపు ఉందా అని అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ పెట్టి అడగండి, అడగడంలో తప్పేమీ లేదు.

విదేశీ విద్యార్థులుగా మనకు ఇంకో ప్రశ్న ఉంది: నిధులు ఎక్కడి నుంచి వస్తాయి? అమెరికా ప్రభుత్వ ఫెలోషిప్‌లు, అంటే ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్, ఎన్‌ఐహెచ్ వాళ్ళ ట్రైనింగ్ గ్రాంట్ల వంటివి, అక్కడి పౌరులకూ శాశ్వత నివాసులకే. మనకొచ్చేది డిపార్ట్‌మెంట్ ఇచ్చే టీచింగ్ అసిస్టెంట్‌షిప్, లేదా ప్రొఫెసర్ గ్రాంటు నుంచి రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్. 2025లో పరిశోధన నిధుల్లో కోతలు పడ్డాక కొన్ని డిపార్ట్‌మెంట్లు సీట్లు తగ్గించాయి, కొన్ని ఆ ఏడాది అడ్మిషన్లే ఆపేశాయి. అందుకని "విదేశీ విద్యార్థులకు ఎన్నేళ్ళు నిధుల హామీ ఉంది?" అని ముందే రాతపూర్వకంగా అడగండి.

కెనడా, బ్రిటన్ సంగతి క్లుప్తంగా. కెనడా క్లినికల్ ప్రోగ్రామ్‌లలో విదేశీ విద్యార్థులకు సీట్లు బాగా తక్కువ. బ్రిటన్ క్లినికల్ డాక్టరేట్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ) జీతంతో వచ్చే సీట్లు ప్రధానంగా అక్కడ స్థిరపడ్డవారికే.

ప్రొఫెసర్‌కు మెయిల్: ఆగస్టు, సెప్టెంబరు

చిన్నగా రాయండి. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి కాలేజీ చరిత్రంతా చెప్పే పద్ధతి అక్కడ పనిచేయదు. ఇంటిపేరుతో డాక్టర్ ఫలానా అని సంబోధించండి. మీరెవరో ఒక వాక్యం, చేసిన పరిశోధన రెండు వాక్యాలు, వారి ఫలానా పేపర్ చదివాక మీకు తట్టిన ప్రశ్న రెండు వాక్యాలు. చివర్లో రాబోయే ఏడాదికి విద్యార్థిని తీసుకుంటున్నారా అని ఒక్క ప్రశ్న. సీవీ జతచేయండి. పేపర్ నిజంగా చదివి రాయండి, సారాంశం మాత్రమే చదివి రాసినది ఇట్టే తెలిసిపోతుంది. జవాబు రాకపోతే రెండు మూడు వారాల తర్వాత ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోయినా దరఖాస్తు చేయొచ్చు. మెయిల్స్‌కు జవాబివ్వని ప్రొఫెసర్లు కూడా దరఖాస్తులు శ్రద్ధగా చదువుతారు.

పరీక్షలు, పత్రాలు

కొవిడ్ తర్వాత జీఆర్ఈని చాలా ప్రోగ్రామ్‌లు ఐచ్ఛికం చేశాయి, కొన్ని అసలు చూడవు. మీ జాబితాలో సగానికి పైగా అడుగుతుంటేనే రాయండి. టోఫెల్ విషయంలో ఇంగ్లీషు మీడియం చదువుకు మినహాయింపు కొన్నిచోట్ల ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ కోసం స్పీకింగ్ స్కోరు విడిగా అడిగేవారూ ఉన్నారు. మన యూనివర్సిటీల నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించడానికి వారాలు పడుతుంది, కాబట్టి దసరా లోపే ఆ పని ముగించండి. మూడేళ్ళ డిగ్రీ ఒక్కటే ఉన్నవారు అర్హత గురించి ముందే మెయిల్‌లో అడిగి తెలుసుకోండి. డిగ్రీ మీద ఎమ్మెస్సీ ఉంటే సాధారణంగా ఇబ్బంది రాదు.

సిఫార్సు లేఖలు మూడు. మూడింట్లో కనీసం రెండు మీ పరిశోధన పని దగ్గర నుంచి చూసినవారివి కావాలి. హెచ్ఓడీ, ప్రిన్సిపాల్ పేర్లకు బరువేమీ ఉండదు. మన దగ్గర "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను" అనే మాట తరచుగా వినిపిస్తుంది. అలా రాసిన లేఖల్లో మీ ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే మీ గురించి మీరు రాసే వ్యాసం) గొంతే వినబడుతుంది, చదివేవారు పట్టేస్తారు. వినయంగా ఇలా చెప్పండి: "మేడమ్, నేను చేసిన పనులన్నీ ఒక పేజీలో తేదీలతో సహా రాసిస్తాను, లేఖ మాత్రం మీ మాటల్లోనే ఉంటే బాగుంటుంది." ఆ పేజీలో వాళ్ళు మరిచిపోయిన విషయాలు గుర్తుచేయండి: ఏ పొరపాటును మీరు డేటాలో పట్టుకున్నారు, ఏ రోగి కుటుంబంతో ఎలా మాట్లాడారు. గడువుకు రెండు నెలల ముందు అడగండి.

ఎస్‌ఓపీ

అక్టోబరు, నవంబరు దీనికే. రెండు పేజీల్లో మీ ప్రశ్న ఎలా పుట్టింది, దాని కోసం ఏం చేశారు, ఏం తెలిసింది, ఇంకా ఏం తెలియాలి, అది ఈ ప్రొఫెసర్ దగ్గరే ఎందుకు. ఇదే వరస. చివరి భాగం ప్రతి యూనివర్సిటీకి కొత్తగా రాయాలి. కన్సల్టెన్సీ ఇచ్చే నమూనాలు వాడొద్దు. వాటిలో మీరు ఉండరు.

చాలామంది నన్ను అడిగే విషయం ఒకటుంది. సొంత డిప్రెషన్ గురించో, ఇంట్లో ఒకరి ఆత్మహత్యా ప్రయత్నం గురించో రాయవచ్చా? మీరు ఈ రంగంలోకి రావడానికి అదే కారణమై ఉండొచ్చు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయినా ఎస్‌ఓపీలో వివరంగా రాయొద్దనే చెబుతాను. చదివేవారు మిమ్మల్ని ఎప్పుడూ కలవలేదు. మీరు ఇప్పుడు ఎంత నిలదొక్కుకున్నారో వాళ్ళకు తెలియదు. ఆ అనుభవం మిమ్మల్ని ఏ ప్రశ్న వైపు నడిపిందో ఆ ప్రశ్నను రాయండి. ఈ దరఖాస్తుల కాలంలో మీకే మనసు బరువెక్కితే టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత సేవకు జాతీయ కేంద్రం నిమ్‌హాన్సే, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

గడువు ఎక్కువచోట్ల డిసెంబరు 1. కొన్ని నవంబరు 15కే ముగుస్తాయి. అమెరికా తేదీ, సమయం చూసుకోండి, అయినా రెండు రోజుల ముందే పంపేయండి.

ఇంటర్వ్యూలు: జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా

మనకు సాధారణంగా వీడియోలోనే జరుగుతాయి. న్యూయార్క్‌లో మధ్యాహ్నం ఒంటిగంటైతే చలికాలంలో మనకు రాత్రి పదకొండున్నర. షేరింగ్ పీజీలో ఆ సమయానికి ప్రశాంతమైన గది, కరెంటు, నెట్ దొరకడం కష్టం. స్నేహితుల ఇల్లో, కాలేజీ గదో ముందే చూసుకోండి, ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. ఇదే టెన్షన్ సగం తగ్గిస్తుంది.

అడిగేవి: మీ డిసర్టేషన్‌లో బలహీనత ఏమిటి, మా ల్యాబ్ డేటా మీకిస్తే ఏం చేస్తారు, మీకు భిన్నమైన నేపథ్యం ఉన్న క్లయింటుతో ఎలా పనిచేశారు, విమర్శను ఎలా తీసుకుంటారు. మొదటి ప్రశ్నకు "ఏమీ లేదు" అనడం అన్నిటికంటే చెడ్డ జవాబు. శాంపిల్ చిన్నదని, ఒకే ఆసుపత్రిదని మీరే చెప్పి, మళ్ళీ చేస్తే ఎలా చేస్తారో వివరించండి. ప్రొఫెసర్ మాటకు ఎదురు చెప్పకూడదన్న మన మర్యాద ఇక్కడ కొంచెం అడ్డొస్తుంది. "మీ పేపర్‌లో ఇలా అన్నారు, మేము చూసిన కుటుంబాల్లో వేరేగా కనిపించింది, ఎందుకంటారు?" అని అడగడం అవమానం కాదు, వాళ్ళు కోరుకునేదే అది. ప్రస్తుత విద్యార్థులతో మాట్లాడే సమయం కూడా ఇస్తారు. స్టైపెండ్‌తో నెల గడుస్తోందా, గైడ్ డ్రాఫ్టులు ఎన్ని రోజుల్లో చదువుతారు, ఎవరైనా మానేశారా, ఎందుకు, ఇవన్నీ వాళ్ళనే అడగండి.

ఆఫర్ లెటర్ చదవడం

"ఫుల్లీ ఫండెడ్" అన్న మాటతో ఆగకండి. ట్యూషన్ మొత్తం మాఫీయా, కొంతేనా? విడిగా కట్టాల్సిన ఫీజులెంత? ఆరోగ్య బీమా ఎవరు కడతారు? స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? తొమ్మిదికే అయితే వేసవిలో అద్దె ఎలా? హామీ ఎన్నేళ్ళు? ఎఫ్-1 విద్యార్థి వీసా మీద సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు, కాబట్టి లోటును పార్ట్‌టైమ్‌తో పూడ్చుకోవచ్చని లెక్క వేయకండి. రెండు ఆఫర్లలో ఎక్కువ స్టైపెండ్ ఉన్నదే మంచిదని కూడా కాదు. చిన్న ఊళ్ళో తక్కువ డబ్బుతో హాయిగా ఉండొచ్చు.

చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ గురించి కూడా ఇప్పుడే అడగండి. ఇది ఏపీపీఐసీ అనే సంస్థ నడిపే దేశవ్యాప్త మ్యాచ్, అంటే విద్యార్థులనూ ఇంటర్న్‌షిప్ చోట్లనూ జతచేసే పద్ధతి, ద్వారా వస్తుంది. పెద్ద సంఖ్యలో సీట్లున్న వెటరన్స్ (మాజీ సైనికుల) ఆసుపత్రులు అమెరికా పౌరులనే తీసుకుంటాయి, అంటే మనకు ఆ తలుపు మూసి ఉన్నట్టే. ఇంటర్న్‌షిప్‌కు వాడే సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) పూర్తికాలం పన్నెండు నెలలు నిండితే, చదువు తర్వాత వచ్చే ఓపీటీ (చదివిన రంగంలో కొంతకాలం పనిచేసే అనుమతి) అర్హత పోతుంది. గతంలో విదేశీ విద్యార్థులున్న ప్రోగ్రామ్‌కు దీన్ని ఎలా సర్దాలో తెలిసి ఉంటుంది. లేని ప్రోగ్రామ్‌లో మీరే మొదటివారైతే ఇంటర్నేషనల్ ఆఫీసుతో ముందే మాట్లాడండి.

నిధులతో కూడిన ఆఫర్లకు జవాబు చెప్పడానికి చాలా యూనివర్సిటీలు తమలో తాము చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏప్రిల్ 15 దాకా గడువిస్తాయి. అంతకుముందే తేల్చమని ఒత్తిడి చేస్తే ఆ ఒప్పందాన్ని మర్యాదగా గుర్తుచేయొచ్చు. మీరు వెళ్ళనని తేలిన ఆఫర్‌ను మాత్రం ఆ రోజే వదిలేయండి, వెయిటింగ్ లిస్టులో ఇంకొకరు ఎదురుచూస్తుంటారు. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ పంపే పత్రం) వచ్చాక 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు కట్టి, వీసా ఇంటర్వ్యూకు చెన్నైకో హైదరాబాదుకో వెళ్ళాలి. ఇంట్లో వాళ్ళకు హైదరాబాదు దగ్గరైతే అక్కడే స్లాట్ చూసుకోండి.

ఇక్కడే ఉండి చేయాలనుకుంటే

యూజీసీ నెట్‌లో సైకాలజీ రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. 2023 జనవరి నుంచి అమలవుతున్న రేట్లు ఇవి. ఈ ఫెలోషిప్‌తో నిమ్‌హాన్స్‌లోనో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని హెల్త్ సైకాలజీ కేంద్రంలోనో, ఐఐటీల్లోనో ప్రయత్నించవచ్చు. ఇక్కడా గైడ్ పరిశోధన చూసే ఎంచుకోండి.

ఒక్క తేడా ముందే తెలుసుకోవాలి. అమెరికాలో ఏపీఏ గుర్తింపు ఉన్న పీహెచ్‌డీ లైసెన్సుకు దారి. మన దగ్గర పీహెచ్‌డీ ఒక్కటే ఉంటే క్లినికల్ సైకాలజిస్ట్‌గా రిజిస్టర్ కాలేరు. 1992 చట్టం కింద పనిచేసే పునరావాస మండలి, ఆర్‌సీఐ, గుర్తించిన వృత్తి కోర్సు చేసి ఉండాలి. ఎన్నో ఏళ్ళుగా అది రెండేళ్ళ ఎంఫిల్. కొత్త విద్యా విధానంలో ఎంఫిల్ రద్దయ్యాక క్లినికల్ సైకాలజీ ఎంఫిల్‌కు యూజీసీ 2025-26 ప్రవేశాల దాకా గడువు పొడిగించింది. ఇప్పుడు వ్యవస్థ మారుతోంది కాబట్టి చేరే ముందు ఆ కోర్సు, ఆ కాలేజీ, ఆ ఏడాది, మూడూ ఆర్‌సీఐ జాబితాలో ఉన్నాయో లేదో స్వయంగా చూసుకోండి. అమెరికా నుంచి తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేయాలన్న ఆలోచన ఉన్నవారు కూడా విదేశీ డిగ్రీకి ఆర్‌సీఐ అడిగే పత్రాల గురించి వెళ్ళకముందే తెలుసుకుని, అక్కడ చేసే ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో చేసే చికిత్స శిక్షణ) గంటల లెక్క సూపర్‌వైజర్ సంతకాలతో మొదటి సెమిస్టర్ నుంచే దాచుకోవాలి.

మొదటిసారి రాకపోతే

చాలామందికి రాదు. రెండోసారి, మూడోసారి వచ్చినవారు ఎందరో. ఇంటర్వ్యూలు వచ్చి సీటు రాకపోతే మీ దరఖాస్తు బాగున్నట్టే. జాబితాలో పొత్తు కుదిరే పేర్లు ఇంకొన్ని చేర్చండి, ఇంటర్వ్యూ సాధన చేయండి. ఒక్క ఇంటర్వ్యూ కూడా రాకపోతే లోటు ఎక్కువగా పరిశోధన అనుభవంలోనో, ప్రొఫెసర్ల ఎంపికలోనో ఉంటుంది. అప్పుడు మళ్ళీ అదే దరఖాస్తు పంపకుండా ఇంకో ఏడాది ప్రాజెక్టులో పనిచేయండి. ఏప్రిల్ 15 దాటాక, మీ మెయిల్‌కు జవాబిచ్చిన ప్రొఫెసర్లకు కృతజ్ఞతలు చెప్పి, దరఖాస్తులో ఏం బలపడాలో రెండు మాటల్లో చెప్పగలరా అని అడగండి. అందరూ చెప్పరు. చెప్పినవారి మాట మీ వచ్చే ఏడాది పనికి మొదటి గీత.